జఠరాగ్ని ఉండగా బయోగ్యాస్ ప్లాంటు దండగ

కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో మురుగునీటి శుద్ధి ప్లాంటు వాళ్లు 2002 నుంచి హోటళ్ల ఎంగిలి తిండిని, జిడ్డును లారీల్లో తెప్పించుకుని మరీ తొట్లలో పోస్తున్నారు. గాలి చొరబడని ఆ తొట్లలో సూక్ష్మజీవులు దాన్ని అరగించుకుని మీథేన్ అనే మండే గ్యాస్ వదులుతాయి. దాంతో కరెంటు తీస్తారు. ఉత్త మురుగు బురద కంటే జిడ్డు కలిస్తే గ్యాస్ బాగా ఎక్కువ వస్తుంది. 2012 కల్లా తమ వాడకానికి మించిన కరెంటు పుట్టించారు.

ఇది చదివి మా తిరుపతి వెనకబడిందని కుమిలిపోనక్కర్లేదు. ఇలాంటి తొట్లు చాలావరకు 35 నుంచి 37 డిగ్రీల వేడిలో పనిచేస్తాయి. మన ఒంటి వేడీ అంతే. పేగుల్లోనూ గాలి ఆడదు. గ్యాస్ సంగతి చెప్పనే అక్కర్లేదు. అంటే ఊళ్లో తలకొక ప్లాంటు, అదీ సర్కారుకు పైసా ఖర్చు లేకుండా!

ముడిసరుకు కావాలంటే సాయంత్రం బస్టాండు వైపు రండి. నూనెను మళ్లీ మళ్లీ కాస్తే పుట్టే చెడు పదార్థాలు, అంటే పోలార్ కాంపౌండ్లు, 25 శాతం దాటితే వాడకూడదని 2018 నుంచి దేశమంతటా నిబంధన. దాటిన నూనెను బయోడీజిల్‌కు ఇవ్వమని పథకమూ ఉంది. మూకుడు అడుగు కనిపించినంతసేపూ నూనె రుచికి రాదని మా బజ్జీల బండ్ల సిద్ధాంతం. అడిగితే, "ఇంగా బాగుండాది సార్, నాలుగు వాయిలు దించొచ్చు" అంటారు. డీజిల్ కావాల్సింది మిరపకాయ బజ్జీ అవుతుంది.

మాకు పట్టగా మిగిలింది రాత్రికి కాలువలోకి. లండన్‌లోని వైట్‌చాపెల్ పేట కింద మురుగు కాలువలో 2017లో దొరికిన కొవ్వు గడ్డ 130 టన్నులు. మనమూ తక్కువ తినలేదు, తవ్వి తూచే నాథుడే లేడు. కార్తీక మాసం వానలకు మ్యాన్‌హోల్ మూత లేపుకుని అదే పైకొచ్చి పలకరిస్తుంది. హోటలు వెనక జిడ్డు నిలిచే తొట్టి కట్టుకుని, అందులోది ప్లాంటుకు పంపితే చాలట. కట్టడానికి అందరూ సిద్ధమే; వారం వారం దాన్ని తోడేదెవరన్న దగ్గరే చర్చ ఆగుతుంది.

పైగా ఊరి దగ్గరి తూకివాకంలో తడి చెత్తతో గ్యాస్ తీసే ప్లాంటు పెట్టి నగరపాలక సంస్థ మా కడుపులతో పోటీకి దిగింది. కనుక పౌరుల తరఫున రెండు డిమాండ్లు. సోలార్ పలకలకు ఇచ్చినట్టే ప్రతి పొట్టకూ సబ్సిడీ ఇవ్వాలి. మెడికల్ షాపుల్లో గ్యాస్ మాత్రల అమ్మకాన్ని ఇంధన వనరుల విధ్వంసంగా ప్రకటించి, కేసులు పెట్టాలి.