చెరువులో కాపురం: ఒక పరిశోధనా ప్రతిపాదన

శతాబ్దాల తరబడి వానలు ఎలా మారుతూ వచ్చాయో, ఆ మార్పులకు మనుషులు ఎలా సర్దుకున్నారో తేల్చడానికి భూగర్భ శాస్త్రజ్ఞులు, వృక్ష శాస్త్రజ్ఞులు, చరిత్రకారులు, శాసన పరిశోధకులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటున్నారు. ఒకరు టేకు దుంగలోని వలయాలు లెక్కపెడతారు. ఇంకొకరు గుహలో చుక్కచుక్కగా పేరుకున్న సున్నపు స్తంభాన్ని నిలువునా కోసి, అందులోని ఆక్సిజన్ ఐసోటోపుల (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల) పాళ్లను బట్టి రుతుపవనాలు ఎప్పుడు నీరసించాయో చెబుతారు. మేఘాలయలోని ఒక గుహ ఆధారంగా, సుమారు 4,200 ఏళ్ల కిందట మొదలైన కాలానికి 2018లో ఆ రాష్ట్రం పేరే పెట్టారు. ఇంత శ్రమపడే పెద్దలు తిరుపతిలోని మా కాలనీకి ఇంతవరకు రాకపోవడం శాస్త్రానికే నష్టమని సవినయంగా మనవి చేస్తున్నాను. దగ్గరలోని గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే పెద్ద రాడార్ ఉన్నమాట నిజమే గాని, అది పైకే చూస్తుంది.

టేకు మానుకు ఏడాదికొక వలయం ఏర్పడితే, మా ఇంటి గోడకు వరదకొక గీత ఏర్పడుతుంది. 2021 నవంబరు గీత మోకాటికి పైన ఉంది. ప్రతి గీత మీదా ఆపై సంక్రాంతికి వేయించిన రంగు పొర ఉంటుంది కనుక, గోరుతో గీకితే చాలు, కాలక్రమం బయటపడుతుంది. గుహల సున్నపు స్తంభాల వయసు కట్టడానికి వాడే యురేనియం, థోరియం ఇక్కడ అక్కరలేదు, రంగు కొన్న రసీదులు దాచి ఉంచాను. కరువుల చరిత్రకు బోర్లు ఉన్నాయి: మా నాన్నగారి బోరు 200 అడుగులు, నాది 600, మా అబ్బాయి వేయించిన దానిలో 1,000 అడుగుల దగ్గర దుమ్ము లేచింది.

మా కాలనీ ఒకప్పుడు చెరువు. వీధి చివర పిల్లలు క్రికెట్ వికెట్లుగా వాడుకునే రాతి కంబాలు దాని తూము. "తూముకు ఎగదాల ఇల్లు కట్టుకోని, నీళ్లొచ్చినాయంటావేం నాయనా?" అని పాత ఊరి పెద్దాయన ఒకరు అడిగితే, ఆ మాటను మౌఖిక చరిత్ర కింద నమోదు చేసుకున్నాను.

కడప జిల్లా పోరుమామిళ్లలోని 1369 నాటి శాసనం మంచి చెరువుకు 12 అంగాలు, 6 దోషాలు చెప్పింది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందట. పన్నెండు అంగాలలో ఇళ్ల స్థలాలు లేకపోవడం ఆనాటివారి దూరదృష్టి లోపమే అయినా, దోషాల విషయంలో వారికి చేయెత్తి మొక్కాలి. చెరువు నడుమ మిట్ట ఉండటం ఒక దోషం. మా ఇల్లు ఆ మిట్ట మీదే ఉంది. రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండటం మరొక దోషం. కాలువ పూడిక ఎవరు తీయాలని అడగబోతే రెండు కార్యాలయాలు ఒకదాన్నొకటి చూపించిన రోజున ఈ వాక్యం నాకు పూర్తిగా అర్థమైంది.

వెనకటివారి సర్దుబాటు మోటుగా ఉండేది. శ్రీవారికి భక్తులు ఇచ్చిన సొమ్ముతో దేవస్థానం గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించి, పెరిగిన పంటలోంచి నైవేద్యాలు నడిపినట్టు తిరుమల శాసనాలు చెబుతున్నాయి. చెరువును తవ్వించి, దాని బాగోగులు చూసేవారికి దశబంధం పేరుతో మాన్యం భూములు ఉండేవి. మేము అంత దూరం పోలేదు. పసిఫిక్ సముద్రం వేడెక్కిన ఏడాది నైరుతి వానలు తగ్గి, ఈశాన్య వానలు హెచ్చే అవకాశం ఉందంటారు గదా, అందుకు తగినట్టు జూలైలో ట్యాంకరు డ్రైవరు నంబరు, నవంబరులో మంచం కాళ్ల కింద పెట్టే ఇటుకలు సిద్ధంగా ఉంచుకుంటాము. ఇటుకలు మొదట్లో వరుసకు రెండు చాలేవి, ఇప్పుడు నాలుగు పెడుతున్నాము. ఈ వివరం కూడా పరిశోధకులకు పనికిరావచ్చు.

వచ్చేవారికి భోజనం, వసతి మావే, నీళ్లు మాత్రం వారే తెచ్చుకోవాలి. ఈ సంక్రాంతికి గోడలు గీకించి టైల్సు వేయించాలని మా ఇంట్లో పట్టుబడుతున్నారు కనుక, కాస్త త్వరపడవలసిందిగా కోరుతున్నాను.