పారాషూట్, ఖాళీ కుర్చీలు తప్ప సవాదా కెంజి పాటలు ఎవరికీ పట్టవా?

ఈ మధ్యాహ్నం భోజనాల దగ్గర నా ఫోన్‌లో వస్తున్న జపాన్ గాయకుడు సవాదా కెంజి పాటను చూసి, సాటి ఉద్యోగి ఒకాయన "ఓహో, జనం రాలేదని కచేరీ ఎగ్గొట్టిన ముసలాయనేనా?" అని నవ్వారు. పక్కనున్నవారూ నవ్వారు. అది ఏ పాటో అడిగిన పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు. ఆయన పాటల్లో మీకు నచ్చినదేదో చెప్పండి అని నేనే అడిగితే, "వీపుకు పారాషూట్ కట్టుకుని పాడాడు కదా, అది" అన్నారు. అది 1980 జనవరి 1న విడుదలైన "తోకియో". ఆ తరువాత ఆ గాయకుడు నోరే విప్పలేదని వీరి నమ్మకం కాబోలు.

సరే, ఆ పారాషూట్‌ను వారికే వదిలేస్తాను. 1977లో జపాన్ రికార్డ్ అవార్డు తెచ్చిపెట్టిన "కత్తె ని షియగరె" దగ్గరా ఇదే తంతు, పాడుతూ టోపీ విసిరేయడం తప్ప ఎవరికీ మరేమీ గుర్తుండదు. పియానో ఉరుకుతో మొదలయ్యే ఆ పాటలో, ఇల్లు విడిచి వెళ్ళిపోతున్న స్త్రీ సామాను సర్దుకుంటుంటే, ఆపడానికి అహం అడ్డొచ్చిన మగవాడు గోడవైపు తిరిగి పడుకుని ఆ చప్పుళ్ళన్నీ వీపుతో వింటుంటాడు. అంత దిగులును అంత హుషారైన బాణీలో పాడి, ఆ మగవాడి బింకాన్ని గొంతులోనే పలికించడం ఎంత కష్టమో టోపీని చూసి చప్పట్లు కొట్టేవారికి ఎవరు చెప్పగలరు?

1975 నాటి "తోకి నో సుగియుకు మామా ని" సంగతి ఇంకా విచిత్రం. అకు యూ రాసిన ఆ గీతానికి ఆరుగురు సంగీత దర్శకుల చేత బాణీలు కట్టించి, చివరికి ఓనో కత్సువో బాణీని ఎంచుకున్నారు. జపాన్ కార్టూన్ ధారావాహిక డిటెక్టివ్ కోనన్ బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుని తిరిగే మన కుర్రకారు నిద్రలో కూడా గుర్తుపట్టే ఆ ధారావాహిక సంగీతం కూడా ఈ ఓనో గారిదే. ఆ సంగీతం మోగితే ఒళ్ళు పులకరిస్తుందట, అదే మనిషి కట్టిన బాణీని సవాదా పాడితే మాత్రం "పాతకాలం పాట" అట.

అయినా ఈ వెక్కిరింపు కొత్తదేమీ కాదు. సవాదా మొదట పాడిన, ఆడపిల్లల కేరింతల మధ్య వెలిగిన టైగర్స్ బృందం 1971 జనవరిలో విడిపోయాక, ఆయన మరికొందరితో కలిసి పిగ్ అనే రాక్ బృందం కట్టినప్పుడు, అసలుసిసలు రాక్ తమ సొత్తే అనుకున్న శ్రోతలు "ఈ అందగాళ్ళకు ఇక్కడేం పని" అన్నట్టు ఈలలు వేసి అవమానించారు. ఈ మధ్యాహ్నం నవ్వినవారు ఆ వంశంవారే అయి ఉంటారు.

నేను వింటున్న పాట, అడిగి ఉంటే చెప్పేవాడిని, 1976 నాటి "కోబాల్తో నో కిసెత్సు నో నాకా దె". బాణీ సవాదాదే. ఒకప్పటి ప్రియురాలి జుట్టు తీరు మారిందని గమనించిన మనిషి, ఆ మార్పు శరత్కాలపు గాలికి బాగా నప్పిందని మెచ్చుకుని, ఏదైనా బాధ కలిగిందా, మనసు మారిందా అని ఎంతో మర్యాదగా అడుగుతాడు. ఆ మర్యాదలోనే గుండె కోత అంతా ఉంది. ఎక్కడా గొంతు పెంచడు. ఆయన పాటల్లో నాకు మొదటిది ఇదే, టోపీ, పారాషూట్ రెండూ లేవు కనుక ఎవరికీ తెలియదు.

ఇక ఆ కచేరీ సంగతి. 2018 అక్టోబరు 17న సైతామా సూపర్ అరీనాలో, తొమ్మిది వేల మంది వస్తారని తనకు చెప్పి చివరికి ఏడు వేలే అనేసరికి ఆయన వేదిక ఎక్కలేదు. దూరాల నుంచి వచ్చినవారికి అది అన్యాయమే, నేను వెనకేసుకురాను. మరునాడు తెల్ల గడ్డంతో విలేకరుల ముందుకు తానే వచ్చి, ఇది నా పంతమే అని ఒప్పుకుని క్షమాపణ చెప్పాడు. ఆ ఏటి కచేరీల యాత్ర అంతా డెబ్బై ఏళ్ళ వయసులో ఒకే ఒక్క గిటారు తోడుగా పాడాడన్న మాట మాత్రం ఎవరి నోటా రాదు. 2023 జూన్ 25న, తన 75వ పుట్టినరోజున, అదే అరీనాలో టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. నిండిన హాలు మీద హాస్యాలు పుట్టవు కదా!

అసలు నా కడుపుమంట దీనికన్నా పాతది. భూకంపం, సునామీ, ఫుకుషిమా అణు ప్రమాదం జరిగిన ఏడాదికి సరిగ్గా 2012 మార్చి 11న, తానే రాసిన నాలుగు పాటలతో ఆయన ఒక డిస్క్ విడుదల చేశాడు. ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి అదే తేదీకి కొత్త పాటలు తెచ్చాడు. అప్పటి నుంచి "హాయిగా పాత హిట్లు పాడుకోక, ఈ వయసులో అణు విద్యుత్తు గొడవ ఈయనకెందుకు" అనే సణుగుడు వింటూనే ఉన్నాను. పాత హిట్లు పాడితే కాలం చెల్లినవాడట, కొత్తవి పాడితే అధికప్రసంగి అట. ఆ నాలుగింటిలో "ఎఫ్.ఎ.పి.పి." అనే పాట పేరులోని అక్షరాలు ఆ అణు విద్యుత్ కేంద్రానివే. ఆ పాటను మొదటి చరణం దాకానైనా విని, ఆ తరువాత సణుగుతున్న మనిషి నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.