డీజిల్‌కు ఇంకా సబ్సిడీ ఇస్తున్నారట!

లారీ గ్రూపుల్లోనూ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోనూ ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: కేంద్రం ఇప్పటికీ డీజిల్‌పై సబ్సిడీ భరిస్తోంది. ధర తగ్గకపోవడానికి కారణం పాత ప్రభుత్వపు ఆయిల్ బాండ్ల అప్పు (ఆయిల్ కంపెనీల నష్టం పూడ్చడానికి నగదుకు బదులు ఇచ్చిన అప్పు పత్రాలు). ప్రపంచ మార్కెట్‌లో పెరిగితే ఇక్కడా పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. డ్రైవర్లు ఎలాగూ కిరాయి పెంచుకుంటారు, పైగా ఆంధ్రాలో ఆటోవాళ్లకు 15 వేలు ఇస్తున్నారు. సొంత లారీ నడుపుకునే నాకు ఇందులో ఒక్క ముక్కా మింగుడుపడలేదు.

ముందు సబ్సిడీ సంగతి. పెట్రోల్ ధరపై నియంత్రణ 2010 జూన్‌లో ఎత్తేశారు. డీజిల్‌కు 2013 జనవరి నుంచి నెలనెలా అర్ధరూపాయి చొప్పున పెంచుకుంటూ వచ్చి, 2014 అక్టోబర్‌లో పూర్తిగా వదిలేశారు. 2022లో ఆయిల్ కంపెనీలు కొన్నాళ్లు నష్టానికి అమ్మిన మాట నిజమే. కానీ ఆ ఏడాది కేంద్రం వాటికిచ్చిన 22 వేల కోట్లు వంటగ్యాస్ నష్టానికి, డీజిల్‌కు కాదు. 2023-24లో మూడు ప్రభుత్వ కంపెనీల లాభం కలిపి 80 వేల కోట్లు దాటింది. ఆ నష్టం ఎవరి జేబులోంచి పూడిందో బంకు దగ్గర నిలబడే మాకు తెలుసు.

ఇక బాండ్లు. ఈ మాట వింటే నాకు నవ్వొస్తుంది. అప్పు ఉన్నది నిజం, అబద్ధమల్లా దాని సైజు. 2021లో మిగిలిన అసలు దాదాపు 1.31 లక్షల కోట్లు, వడ్డీ ఏడాదికి సుమారు 10 వేల కోట్లు. 2020-21 ఒక్క ఏడాదిలో పెట్రోల్, డీజిల్‌పై కేంద్రం వసూలు చేసిన పన్ను, అంటే ఎక్సైజ్, 3.35 లక్షల కోట్లు. అంటే ఆ ఏడాది డబ్బుతోనే మొత్తం అసలు రెండున్నర సార్లు కట్టేయొచ్చు. 2014 నుంచి 2021 మార్చి వరకు తీర్చిన అసలు మాత్రం 3,500 కోట్లే. పెద్ద వాయిదాలన్నీ 2023-24 నుంచి మొదలైనవి, చివరిదాని గడువు 2025-26. ఇక ఆ సాకు కూడా మిగల్లేదు.

ప్రపంచ మార్కెట్ కథ సగమే నిజం. పెరిగినప్పుడు పెరగడం మాకు బాగా తెలుసు. 2014 ఏప్రిల్‌లో లీటరు డీజిల్‌పై ఎక్సైజ్ 3.56 రూపాయలు. క్రూడాయిల్ పడిపోతూ ఉంటే దాన్ని పెంచుకుంటూ పోయి 2016 జనవరి చివరికి 17.33 చేశారు. 2020లో లాక్‌డౌన్‌తో క్రూడ్ ధర కుప్పకూలితే, మే నెలలో ఒక్క దెబ్బకు డీజిల్‌పై 13 రూపాయలు వేశారు. తర్వాత రెండుసార్లు తగ్గించారు, కాదనను. కానీ 2025 ఏప్రిల్‌లో క్రూడ్ మళ్లీ దిగగానే 2 రూపాయలు కలిపి 17.80కి చేర్చారు. 2022 యూపీ, పంజాబ్ ఎన్నికలప్పుడు మాత్రం నాలుగు నెలలకు పైగా రేటు కదల్లేదు. ప్రపంచ మార్కెట్‌కూ మన ఎన్నికల షెడ్యూలే వచ్చిందేమో!

కేంద్రాన్నే అంటే పక్షపాతమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో డీజిల్‌పై 22.25 శాతం వ్యాట్ (రాష్ట్రం వేసే అమ్మకపు పన్ను), దానిపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్ మరో రూపాయి. తెలంగాణలో 27 శాతం. వ్యాట్ లెక్కగట్టేది ఎక్సైజ్ కలిపిన ధర మీద, అంటే పన్ను మీద పన్ను. అందుకే కర్ణాటక వైపు వెళ్లిన మన లారీలు అక్కడే ట్యాంకు నింపుకుని వస్తాయి. కాకినాడ వైపు బళ్లు పుదుచ్చేరి కిందున్న యానాం బంకులు వెతుక్కుంటాయి.

కిరాయి పెంచుకుంటామా? లోడు రేటు చెప్పేది ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు. కుదరదంటే వెనక ఇంకో బండి సిద్ధంగా ఉంటుంది, రిటర్న్ లోడుకైతే ఇచ్చింది తీసుకోవడమే. టోల్, టైర్లు, ఫైనాన్స్ కిస్తీ, క్లీనర్ బాటా, వీటిలో ఏదీ తగ్గదు. డీజిల్ పెరిగితే తగ్గేది నాకు మిగిలేదే. డీజిల్ జీఎస్టీలో లేదు కాబట్టి దానిపై కట్టిన పన్నును మేం కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకునే వీలు (ఇన్‌పుట్ క్రెడిట్) కూడా లేదు.

ఆటోలకిచ్చే 15 వేల లెక్క కూడా చూద్దాం. ఆ సాయం మహిళలకు ఉచిత బస్సు వచ్చి గిరాకీ పడిపోయాక మొదలైంది, ఇంధనానికి ఇచ్చింది కాదు. డీజిల్ ఆటో రోజుకు 5 లీటర్లు తాగుతుందనీ, ఏడాదిలో 300 రోజులు తిరుగుతుందనీ అనుకోండి. 2025 ఏప్రిల్ పెంపు తర్వాత ఆంధ్రాలో లీటరుకు కేంద్రం, రాష్ట్రం పన్నులు కలిపి సుమారు 39 రూపాయలు. 1,500 లీటర్లకు 58 వేలు దాటుతుంది. అందులోంచి 15 వేలు వెనక్కి ఇస్తే తీసుకుంటాం, వద్దనం. దాన్ని డీజిల్ సబ్సిడీ అని మాత్రం గ్రూపుల్లో ప్రచారం చేయకండి.