మహారాజశ్రీ పొరుగింటి వెదురు గారి సముఖానికి

అమెరికాలోని కనెటికట్ రాష్ట్రంలో ఒక గోంగూర మడి యజమాని రాసుకున్న విన్నపం. ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం అడగనవసరం లేదు, కిటికీ తెరిస్తే కనిపిస్తూనే ఉంది. ఈ మధ్య కిటికీ తెరవడానికీ తమరు చోటివ్వడం లేదు.

వెదురంటే నాకు మొదటి నుంచీ గౌరవమే. పుట్టగానే నన్ను పడుకోబెట్టింది మేదరి అల్లిన చేటలో. మా అక్కను మేనమామలు పెళ్ళిపీటల దగ్గరకు మోసుకొచ్చింది వెదురు బుట్టలో. ఆఖరి ప్రయాణానికి కావలసిన గడలూ తమ వాళ్ళే ఇస్తారు, దానికి ఇప్పుడే తొందర లేదు. అయితే ఆ వెదురు వేరు, తమరు వేరు. మా ఊరి వాగు గట్టున ఉన్నది ఎంత పెరిగినా పొదగా ఒక్కచోట ఒద్దికగా కూర్చునేది. తమరు చైనా నుంచి వచ్చిన పరుగుల జాతి. అడుగు లోతులో అల్లం కొమ్ములాంటి కాండాన్ని పంపి, దాని కణుపుల నుంచి మొలకలు లేపుకుంటూ సాగిపోతారు. సంస్కృతంలో వెదురును వంశం అని ఎందుకన్నారో మా తెలుగు మాస్టారు ఎంత చెప్పినా నాకు ఎక్కలేదు. తమరు ఒక్క మే నెలలో ఎక్కించారు. పెళ్ళిలో పురోహితుడు మాకిచ్చిన వంశాభివృద్ధి దీవెన చిరునామా తప్పి తమరికి చేరినట్టుంది. మాకు ఒక్కడే కొడుకు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. తమరు మొక్కగానూ వంగుతారు, గడగానూ వంగుతారు, మంచు పడితే మా కారు మీదికీ వంగుతారు. వంగనిదల్లా హద్దు దగ్గరే.

తమరిని తెచ్చిన పెద్దమనిషి మా ముఖాలు కనిపించకుండా చాటు కోసం తెచ్చారు. అంతకుముందు ఆరేళ్ళలో మేము రెండుసార్లు మాట్లాడుకున్నాం. ఇప్పుడు వారానికి రెండుసార్లు మాట్లాడుకుంటున్నాం.

ఈ రాష్ట్రం 2013లో తమరి కోసమే ఒక చట్టం చేసింది. నాటినవారు తమరిని పక్క స్థలంలోకి పోనిస్తే నష్టం వాళ్ళే భరించాలి. సరిహద్దుకు 40 అడుగుల లోపైతే తొట్టిలో నాటాలి, లేదా నేలలో అడ్డు కట్టి నాటాలి. ఇది త్వరగా పెరిగి వ్యాపించే మొక్క అని అమ్మేవాళ్ళు కాగితం రాసివ్వాలి. మా పొరుగాయన ఆ కాగితం శ్రద్ధగా చదివారు. ‘త్వరగా’ అన్న మాట చూసే కొన్నారట! మన దేశంలోనూ మర్యాద తక్కువేమీ కాదు. గడ్డి జాతి అని వృక్షశాస్త్రం చెబుతున్నా, 1927 అటవీ చట్టం తమ వాళ్ళను చెట్లలో కలిపేసింది. అడవి బయటి వెదురును 2017లో గానీ అందులోంచి తీయలేదు.

మొదట్లో గడలు నరికాను. అది తమరికి క్షవరమని తర్వాత తెలిసింది. ఇప్పుడు హద్దు వెంట రెండున్నర అడుగుల కందకం తవ్వి మందపాటి ప్లాస్టిక్ రేకు దించుతున్నాం. రెండంగుళాలు నేల పైకి ఉంచాలట, తమరు గోడ దూకితే కనబడాలని. మా వైపు మిగిలిన మొలకలను ఆకు వేయకముందే నరుకుతూ పోతే, నేల కింద దాచుకున్న తిండి కొన్నేళ్ళకు అయిపోతుంది. పద్ధతి తేలికే, సెలవు పెట్టకూడదు అంతే. పోయిన మే నెలలో పెళ్ళికని హైదరాబాదు వెళ్ళి మూడు వారాలకు తిరిగొస్తే, తమ పిల్లలు నాకంటే పొడుగై వాకిట్లో స్వాగతం పలికారు.

నిన్న గోంగూర మడి మధ్యలో తమరి కొత్త ముక్కు కనిపించింది. కోసి, పొరలు ఒలిచి, నీళ్ళు మార్చి రెండుసార్లు ఉడికించి, ఎండుమిర్చి పోపు పెట్టాను. పొరుగాయనకూ ఒక గిన్నె పంపాను. బాగుందట. ఇంకా ఉందా అని అడిగారు.

ఇట్లు,
గడ్డపారతో, తమరి పక్కింటివాడు