తగవు ఎందుకొచ్చిందో మొదటి సంచికే చెప్పాలి

2025 సెప్టెంబరులో అమెరికా కామిక్స్ సంస్థ మార్వెల్, తన వాగుడుకాయ కిరాయి హంతకుడు డెడ్‌పూల్‌ను పోటీ సంస్థ డీసీ వారి బ్యాట్‌మ్యాన్‌తో కలిపి, ‘డెడ్‌పూల్/బ్యాట్‌మ్యాన్’ మొదటి సంచికను విడుదల చేసింది. నవంబరులో అదే జంటను, పేర్లు అటుదిటు చేసి, ‘బ్యాట్‌మ్యాన్/డెడ్‌పూల్’ పేరుతో డీసీ సంస్థ తీసుకొచ్చింది. ఎవరి పుస్తకంలో ఎవరి పేరు ముందుండాలన్న పట్టింపు ఈ రెండు సంస్థలకూ కొత్తది కాదు. 2003, 2004 సంవత్సరాల్లో నాలుగు సంచికలుగా వచ్చిన ‘జేఎల్‌ఏ/అవెంజర్స్’లోనూ ఒకటి, మూడు సంచికల మీద డీసీ బృందం జేఎల్‌ఏ (జస్టిస్ లీగ్) పేరు ముందుంటే, రెండు, నాలుగింటి మీద మార్వెల్ బృందం పేరు ముందుంది. అంత సుదీర్ఘ విరామం తర్వాత ఇద్దరు పోటీదారుల కథానాయకులు మళ్లీ ఒకచోట కలిశారు కాబట్టి, మొదటి సంచిక మీద పాఠకులు ఆశలు పెంచుకోవడం సహజమే.

విజయనగరంలో మా మేడగదిలో ఒక ఆదివారం సాయంత్రం మా మేనల్లుడూ, ఇంజినీరింగ్‌లో వాడితో చదువుకునే ఇద్దరు స్నేహితులూ మార్వెల్ తెచ్చిన ఆ మొదటి సంచికను ట్యాబ్‌లో తెరిచి కూర్చున్నారు. గంటన్నర సేపు నడిచిన వాళ్ల వాదనను నేను పక్కనే ఉండి విన్నాను. ఒకడికి పోరాటం సరిపోలేదు. ఇంకొకడు “ఏటి మావయ్యా ఇది, బ్యాట్‌మ్యాన్‌కి మాటలే లేవు, మొత్తం డెడ్‌పూలే వాగీసినాడు” అని నొచ్చుకున్నాడు. మూడోవాడు అసలు కథ అయిపోయాక వేరే జంటలతో వచ్చిన చిన్న కథలను చూపించి, ఈ పుటలన్నీ ఆ ఇద్దరికే ఇచ్చి ఉండాల్సిందన్నాడు. ఈ మూడో ఫిర్యాదుతో నేను ఏకీభవిస్తాను. ఇద్దరిని కలపడమే పెద్ద పని అయినప్పుడు, మిగతావాళ్లను కొద్దిపాటి పుటల్లో పలకరింపులకు తీసుకురావడం వల్ల సందడి కనిపిస్తుంది గానీ కథ బలపడదు.

మొదటి రెండు ఫిర్యాదుల సంగతి వేరు. అవి సినిమా అభిమానుల లెక్క. ఇద్దరు పెద్ద హీరోలు కలిసి నటించిన సినిమాకు వెళ్లి, మనవాడు తెర మీద ఎన్ని నిమిషాలున్నాడు, ఎవరి దెబ్బకు ఎవరు పడ్డారు అని లెక్కవేసే అలవాటు మన ఊళ్లలో బాగా పాతుకుపోయింది. పైగా ఈ పిల్లలకు ఈ వీరులు పరిచయమైంది తెలుగులోకి డబ్ అయిన సినిమాల ద్వారా. అందువల్ల ఆ కొలబద్దనే కామిక్ పుస్తకానికీ తెచ్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. కానీ ఆ కొలబద్దకు రచయిత లొంగిపోతే ఏమవుతుందో 1996లో ఒకసారి తేలిపోయింది.

ఆ ఏడాది డీసీ, మార్వెల్ కలిసి తెచ్చిన నాలుగు సంచికల కథలో మొత్తం పదకొండు ద్వంద్వయుద్ధాలు ఉంటే, వాటిలో ఐదింటి ఫలితాన్ని పాఠకుల ఓటుకు వదిలేశారు. సూపర్‌మ్యాన్ హల్క్‌నూ, బ్యాట్‌మ్యాన్ కెప్టెన్ అమెరికానూ, స్పైడర్‌మ్యాన్ సూపర్‌బాయ్‌నూ గెలిచారు. వుల్వరిన్ లోబోను ఓడించాడు, స్టార్మ్ వండర్ ఉమన్‌ను ఓడించింది. ఇందులో వుల్వరిన్, లోబోల పోరు ఎలా ముగిసిందో చూడండి. ఇద్దరూ మద్యం దుకాణం బల్ల వెనక్కి పడిపోతారు, కాసేపటికి వుల్వరిన్ ఒక్కడే పైకి లేస్తాడు. ఆ మధ్యలో జరిగింది మనకు చూపించలేదు. ఓట్లు ఇచ్చిన ఫలితానికి నమ్మదగిన కారణం దొరకనప్పుడు దాన్ని బల్ల చాటుకు నెట్టడం తప్ప రచయితకు వేరే దారి ఉండదని నాకు అనిపిస్తుంది. ఎవరు గెలవాలో మేమే చెబుతామని పట్టుబట్టిన పాఠకులకు, చివరికి ఆ గెలుపును కళ్లారా చూసే భాగ్యం దక్కలేదు.

ఇంకా వెనక్కి వెళితే, 1976లో సూపర్‌మ్యాన్, స్పైడర్‌మ్యాన్ మొదటిసారి తలపడిన పుస్తకం ఉంది. జెర్రీ కాన్వే రాశాడు, రాస్ ఆండ్రూ బొమ్మలు వేశాడు. పెద్ద సైజు పుస్తకం, వెల రెండు డాలర్లు. అందులో సూపర్‌మ్యాన్ శత్రువు లెక్స్ లూథర్ సూపర్‌మ్యాన్ వేషంలో వచ్చి ఇద్దరు అమ్మాయిలను ఎత్తుకుపోతాడు. స్పైడర్‌మ్యాన్ అది నిజమనుకుని సూపర్‌మ్యాన్ మీదికి దూకుతాడు. బలాలు సమం కావడానికి స్పైడర్‌మ్యాన్‌కు, సూపర్‌మ్యాన్ బలాన్ని తగ్గించే ఎర్ర సూర్యుడి కిరణాల శక్తిని ఎక్కించి పెడతారు. ఆ శక్తి దిగిపోయాక సూపర్‌మ్యాన్‌ను గుద్దినకొద్దీ స్పైడర్‌మ్యాన్ చేతులే నొప్పెడతాయి. ఆ ముచ్చట బాగానే ఉంటుంది. అయితే తగవుకు మూలం ఒట్టి అపార్థం కాబట్టి, అపార్థం తొలగగానే తగవూ తేలిపోతుంది. కలుసుకోవడం, అపార్థపడటం, కొట్టుకోవడం, కలిసిపోవడం అన్న ఈ వరస ఆ తర్వాత ఎన్నో కథలకు అచ్చుగా మారింది.

ఇంతకంటే గట్టి అల్లిక మన పల్లెలకు ఎప్పటినుంచో తెలుసు. ఉత్తరాంధ్రలో తెల్లవార్లూ నడిచే పౌరాణిక నాటకాల్లో గయోపాఖ్యానం కథ చూసినవాళ్లకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు. ఆకాశంలో వెళుతున్న గయుడనే గంధర్వుడు ఉమ్మిన తాంబూలం, అర్ఘ్యమిస్తున్న కృష్ణుడి దోసిట్లో పడుతుంది. వాణ్ణి చంపుతానని కృష్ణుడు ప్రతిజ్ఞ చేస్తాడు. శత్రువు ఎవరో తెలియకముందే అర్జునుడు గయుడికి అభయమిస్తాడు. ఇక్కడ అపార్థం లేదు, మారువేషం లేదు, ఎవరూ మోసపోలేదు. అన్నమాట తప్పితే కృష్ణుడు కృష్ణుడు కాడు, శరణన్నవాణ్ణి వదిలేస్తే అర్జునుడు అర్జునుడు కాడు. ఎవరు ఓడిపోరో ముందే తెలిసిన ప్రేక్షకులు కూడా తుండుగుడ్డ పరుచుకుని తెల్లారేదాకా కూర్చున్నారంటే, వాళ్లను కూర్చోబెట్టింది ఆ ముడే. బాణాలు వేసుకునే ఘట్టం కన్నా, బావామరదులిద్దరూ వెనక్కి తగ్గలేక మాటామాటా అనుకునే పద్యాలకే వన్స్‌మోర్లు ఎక్కువ.

నా దృష్టిలో ఆ ముడికి బాగా దగ్గరగా వచ్చిన కామిక్ ‘జేఎల్‌ఏ/అవెంజర్స్’ మొదటి సంచిక. కర్ట్ బ్యూసిక్ రచన, జార్జ్ పెరెజ్ చిత్రాలు. ఈ కలయికను 1980ల మొదట్లోనే తలపెట్టి, సంస్థల మధ్య పొసగక ఆపేశారు. ఇరవయ్యేళ్లు ఆగి వచ్చిన పుస్తకం మొదటి పుటలోనే కొట్లాట పెట్టుకుని ఉండవచ్చు. అలా చేయలేదు. జస్టిస్ లీగ్‌ను మార్వెల్ లోకంలోకి పంపించి, ముందు చుట్టూ చూడనిచ్చారు. ఫ్లాష్‌కు అక్కడ అడుగుపెట్టగానే వేగం పోతుంది, ఎందుకంటే అతని వేగానికి ఆధారమైన శక్తి ఆ లోకంలో లేదు. పుట్టుకతోనే వింత శక్తులున్న మ్యూటెంట్లను జనం ద్వేషిస్తున్నారు, ఒక దేశాన్ని డాక్టర్ డూమ్ నియంతగా ఏలుతున్నాడు. ఇంతమంది వీరులుండి ఈ లోకాన్ని ఇలా వదిలేశారేమిటని సూపర్‌మ్యాన్ మండిపడతాడు. డీసీ లోకానికి వెళ్లిన అవెంజర్స్‌కు అక్కడి వీరులకు కట్టిన మ్యూజియాలు చూసి, వీళ్లు జనం చేత దేవుళ్లలా కొలిపించుకుంటున్నారేమో అన్న అనుమానం పుడుతుంది. రెండు అభిప్రాయాలూ పూర్తిగా నిజం కావు, పూర్తిగా అబద్ధమూ కావు. పనిషర్‌ను బ్యాట్‌మ్యాన్ చితకబాదడాన్ని కూడా చూపించకుండానే దాటేశారు. 1996 నాటి దాపరికం లాంటిది కాదిది. అక్కడ ఫలితానికి కారణం లేక దాచారు. ఇక్కడ, నేరస్థుణ్ణి చంపే మనిషి ఎదురైతే బ్యాట్‌మ్యాన్ ఊరుకోడని మనకు తెలుసు కాబట్టి చూపించనవసరం లేకపోయింది.

మనవాణ్ణి తక్కువ చేశారన్న బాధ గురించి విజయనగరం వాడిగా ఒక మాట చెప్పాలి. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో ఫ్రెంచి సేనాని బుస్సీ సేనతో కలిసి కోట మీదికి వెళ్లింది మా ఊరి రాజే. తాండ్ర పాపారాయుడి చేతిలో చనిపోయిందీ ఆయనే. ఆ కథలో మా రాజు ప్రతినాయకుడు. అయినా బొబ్బిలి కథ చెబుతుంటే ఈ ఊళ్లో జనం లేచిపోరు, పాపారాయుడి పౌరుషానికి కళ్లనీళ్లు పెట్టుకుంటూ వింటారు. ఎదుటివాడి వైపు నుంచి మనవాణ్ణి చూడగలగడం మన శ్రోతలకు రానిదేమీ కాదు. డెడ్‌పూల్ వాగుడు మధ్య మౌనంగా నిలబడ్డ బ్యాట్‌మ్యాన్ నాకు తగ్గినట్టు అనిపించలేదు. ఆ మౌనం అతని స్వభావమే. కాకపోతే, డబ్బుకు పనిచేసే ఒక కిరాయి హంతకుడూ, ప్రాణం తీయనని ఒట్టుపెట్టుకున్న ఒక మనిషీ ఎదురెదురుగా నిలబడ్డప్పుడు గయుడి కథంత ముడి వేయడానికి వీలుండేది. రచయిత దాన్ని హాస్యం వైపు మళ్లించి వదిలేశాడన్నదే ఆ సంచిక మీద నా అసంతృప్తి.

ఆ సాయంత్రమే పిల్లల చేతికి 2003 నాటి మొదటి సంచిక ఇచ్చాను. పెరెజ్ ఒక్కో గడిలో ఎంతమందిని కూర్చాడో రెండు వేళ్లతో పెద్దది చేసి లెక్కపెట్టుకుంటూ ముందుకు సాగారు. సూపర్‌మ్యాన్ కోప్పడే చోట మా మేనల్లుడు ఆగి, “మావయ్యా, ఆయన అన్నదాంట్లో తప్పేటుంది?” అన్నాడు. “ఊరు కొత్తగా వచ్చినోడు ఊరి మీద పెత్తనం సేస్తే తప్పు కాదేటి?” అని పక్కవాడు అందుకున్నాడు. థోర్‌తో సూపర్‌మ్యాన్ తలపడే రెండో సంచిక తెరవకుండానే, భోజనాలకు పిలిచేదాకా వాళ్ల వాదన దాని మీదే నడిచింది.