కుట్టకుండా మిగిలిన గౌన్లు

1951లో వచ్చిన నార్వే సినిమా 'క్రానెస్ కొండిటోరి' (క్రానె గారి కాఫీ, కేకుల దుకాణం)ని ప్రేమకథ అనుకుని చూడొచ్చు. ఒక ఆడమనిషి, ఊరికి కొత్తయిన ఒక మగమనిషి, మధ్యలో వైన్ గ్లాసులు. కావలసినవన్నీ ఉన్నాయి. కానీ ఆ ఊరి గొప్పింటి ఆడవాళ్ల టెన్షన్ ప్రేమ గురించి కాదు. ఊరి వేడుక దగ్గర పడింది, వాళ్ల గౌన్లు ఇంకా కుట్టడం అవలేదు.

వాటిని కుట్టాల్సింది కటింకా. భర్తతో విడిపోయి, మిషన్ మీద బతుకు లాగుతున్న మనిషి. ఇద్దరు పిల్లలూ ఎదిగారు, అడిగేది మాత్రం డబ్బే. ఒకరోజు ఆమె కాఫీ, కేకులు అమ్మే ఆ దుకాణంలో కూర్చుండిపోయింది. ఇంటికెళ్లి కుట్టనంది. అంతే, ఊరంతా గగ్గోలు!

పక్కన కూర్చున్న స్వీడన్ వాడిని ఊళ్లోవాళ్లు పేరు పెట్టి పిలవరు, నెత్తిన ఉన్న గుండ్రటి టోపీతోనే గుర్తుపడతారు. నా లెక్కలో అతను హీరో కాదు. కటింకా మాట్లాడుతుంటే చెవి ఒగ్గాడు, అది చాలు. కొలతలు ఇవ్వడానికో, డబ్బు అడగడానికో కాకుండా ఆమె దగ్గర కూర్చున్న మనిషి ఇన్నేళ్లలో ఎవరున్నారు గనక? పరువు, పరువు అని అరిచేవాళ్లకు గౌన్లు వేళకి అంది ఉంటే ఆ పరువు ఇంతగా గుర్తొచ్చేదా అని నా అనుమానం.

సినిమాకు మూలం నార్వే రచయిత్రి కోరా సాండెల్ నవల. 1945లో, అంటే నార్వేలో జర్మన్ల ఆక్రమణ ముగిసిన ఏడాదే వచ్చింది. ఆమె అసలు పేరు సారా ఫాబ్రిసియస్. 12 ఏళ్ల వయసులో ఉత్తరాన ఉన్న ట్రోమ్సోకు చేరింది. బొమ్మలు వేయడం నేర్చుకోవడానికి 1906లో పారిస్ వెళ్లి, 15 ఏళ్లు ఫ్రాన్స్‌లోనే ఉండిపోయింది. విడాకుల బాధ కూడా ఆమెకు తెలుసు. నవలకు పెట్టిన ఉపశీర్షిక 'గది, అందులో మనుషులు' అన్న అర్థంలో ఉంటుంది, చిత్రకారులు బొమ్మకు పేరు పెట్టినట్టు. కథ దాదాపు ఆ దుకాణం దాటదు. నాటక రచయిత హెల్గె క్రోగ్ దాన్ని సినిమాకు ముందే నాటకంగా మలిచాడంటే ఆశ్చర్యం లేదు.

సినిమా తీసింది డెన్మార్క్ దర్శకురాలు ఆస్ట్రిడ్ హెన్నింగ్-జెన్సెన్. ఇక్కడే చిక్కు. పుస్తకంలో కథ చెప్పే గొంతు ఊరిదే. చాడీలు చెప్పే ఆ గొంతు వింటూ వింటూ మనమూ ఓ కుర్చీ లాక్కుని కూర్చుంటాం, కటింకాను చూసి నవ్వే గుంపులో కలిసిపోతాం. తెరమీద ఆ ఎర పనిచేయదు. కటింకాగా వేసిన రొన్‌లౌగ్ ఆల్టెన్ ముఖం ఎదురుగా ఉంటే మనం వెంటనే ఆమె పక్షం. స్వీడన్ వాడిగా ఎరిక్ హెల్ టోపీతో వచ్చి కూర్చోగానే జంట కుదిరింది అనుకుంటాం. సినిమాను ప్రేమకథగా చూడటం అక్కడే మొదలవుతుంది.

చివరికి కటింకా మళ్లీ మిషన్ దగ్గరికే వెళ్తుంది. టోపీ మనిషి కోసం బాధపడే ప్రేక్షకులు ఉంటారు. నాకు మాత్రం ఆ గొప్పింటి ఆడవాళ్లలో నల్ల గౌను కోసం కాచుకున్న ఒక శ్రీమతి మీదే కోపం వచ్చింది.