"టర్న్‌కి ఒక్క లెవెల్డ్ స్పెల్లే" అనే రూల్ పుస్తకంలో లేదు

డన్జన్స్ అండ్ డ్రాగన్స్ (బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా మారి ఆడే ఆట) ఆడే ఏ గ్రూపులో చేరినా ఈ మాట చెవిన పడుతుంది: "ఒక టర్న్‌లో ఒక్క లెవెల్డ్ స్పెల్ మాత్రమే వెయ్యాలి. రెండోది వేస్తే అది క్యాంట్రిప్పే అయ్యుండాలి." టర్న్ అంటే పోరాటంలో ఒక్కో క్యారెక్టర్‌కి వచ్చే వంతు. లెవెల్డ్ స్పెల్ అంటే 1వ లెవెల్ లేదా అంతకు పైబడిన మంత్రం, దానికి మామూలుగా స్పెల్ స్లాట్ అనే పరిమితమైన కోటా ఖర్చవుతుంది. క్యాంట్రిప్ అంటే ఆ ఖర్చు లేని చిన్న మంత్రం. షార్ట్ వీడియోల్లో ఇదే చెప్తారు, కొత్తవాళ్లకి ఇచ్చే చీట్ షీట్లలో ఇదే రాస్తారు. ఇది డీఎం (ఆట నడిపే వ్యక్తి) పెట్టుకున్న పద్ధతి అని ఎవరూ అనరు, పుస్తకంలో ఉన్న రూల్ అనే అంటారు. 2014 పుస్తకంలో అలాంటి రూల్ లేదు. 2024 పుస్తకంలో దానికి దగ్గరగా ఒకటి వచ్చింది గానీ, అది కూడా ఇది కాదు. స్పెల్స్ మీదే బతికే క్యారెక్టర్ ఆడేవాళ్లకి ఇది చిన్న తేడా కాదు. అందుకే ఈ వాదనకి మద్దతుగా చెప్పే మాటల్ని ఒక్కొక్కటిగా చూద్దాం.

"పుస్తకంలోనే అలా ఉంది."

2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 10వ అధ్యాయంలో, స్పెల్ వెయ్యడానికి పట్టే సమయం గురించి చెప్పేచోట బోనస్ యాక్షన్ మీద ఒక చిన్న పేరా ఉంది. టర్న్‌లో చేసే ప్రధానమైన పని యాక్షన్; కొన్ని స్పెల్స్, సామర్థ్యాలు దానికి తోడుగా ఇచ్చే ఇంకో చిన్న పని బోనస్ యాక్షన్. అందులో ఉన్నది ఇంతే: బోనస్ యాక్షన్‌తో స్పెల్ వేస్తే ఆ టర్న్‌లో ఇంకో స్పెల్ వెయ్యకూడదు, ఒక యాక్షన్ పట్టే క్యాంట్రిప్‌కి మాత్రం మినహాయింపు ఉంది. లెవెల్డ్ స్పెల్స్ ఎన్ని అనే లెక్క అందులో ఎక్కడా లేదు. ఈ టర్న్‌లో బోనస్ యాక్షన్‌తో స్పెల్ వేశారా లేదా అన్నదొక్కటే ప్రశ్న. వెయ్యకపోతే ఆ పేరాతో మీకు పనే లేదు. చదవడానికి పుస్తకం కొననక్కర్లేదు కూడా. ఈ రూల్ ఉన్న ఎస్‌ఆర్‌డీ 5.1 అనే మూల రూల్స్ పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టారు, ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

"క్యాంట్రిప్‌తో ఎప్పుడూ ఇబ్బంది ఉండదు."

ఉంటుంది. షిలేలీ క్యాంట్రిప్పే, కానీ దాన్ని వేసేది బోనస్ యాక్షన్‌తో. డ్రూయిడ్ తన కర్ర మీద షిలేలీ వేసుకున్నాక, పక్కన కుప్పకూలిన స్నేహితుడి మీద చెయ్యి పెట్టి క్యూర్ వూండ్స్ వేద్దామనుకుంటే 2014 రూల్స్ ఒప్పుకోవు. ఆ టర్న్‌లో వేస్తున్న లెవెల్డ్ స్పెల్ ఒక్కటే అయినా సరే ఒప్పుకోవు. అందరూ చెప్పుకునే రూల్ ప్రకారమైతే ఇది చెల్లిపోతుంది. అంటే ఆ మాట పుస్తకం ఇచ్చినదాన్ని లాక్కోవడమే కాదు, పుస్తకం వద్దన్నదాన్ని ఇచ్చేస్తోంది కూడా. "కొంచెం కఠినంగా ఉంటేనేం, నష్టం లేదు" అని సమర్థించేవాళ్లు దీనికి జవాబు చెప్పాలి.

"మన టర్న్‌లో యాక్షన్‌తో స్పెల్ వేశాక రియాక్షన్‌తో ఇంకోటి కుదరదు."

రియాక్షన్ అంటే ఏదైనా జరిగినప్పుడు వెంటనే స్పందించి చేసే పని, అది ఎవరి టర్న్‌లోనైనా చెయ్యొచ్చు. బల్ల దగ్గర ఎక్కువ గొడవలు పుట్టేది ఇక్కడే. అందుకని దీన్ని కాస్త నింపాదిగా చూడాలి.

5వ లెవెల్ విజార్డ్ తన టర్న్‌లో యాక్షన్ వాడి ఫైర్‌బాల్ వేస్తున్నాడు. 60 అడుగుల లోపే నిలబడి ఉన్న శత్రువు అది చూసి రియాక్షన్‌తో, ఎదుటివాళ్ల స్పెల్‌ని ఆపేసే కౌంటర్‌స్పెల్ వేశాడు. ఫైర్‌బాల్ 3వ లెవెల్ స్పెల్ కాబట్టి 2014 రూల్స్‌లో డైస్ వెయ్యాల్సిన అవసరం కూడా లేదు, అది అక్కడికక్కడే ఆగిపోతుంది. కానీ శత్రువు వేస్తున్నది కూడా స్పెల్లే కదా. మన విజార్డ్ దాన్ని చూస్తున్నాడు, రియాక్షన్ ఇంకా మిగిలే ఉంది, కౌంటర్‌స్పెల్ సిద్ధంగా ఉంది. తిరిగి కౌంటర్‌స్పెల్ వెయ్యొచ్చా? నిరభ్యంతరంగా వెయ్యొచ్చు. అతను ఈ టర్న్‌లో బోనస్ యాక్షన్ జోలికే పోలేదు కాబట్టి ఆ పేరా అతనికి అడ్డు రాదు. శత్రువు కౌంటర్‌స్పెల్ చెదిరిపోతుంది, ఫైర్‌బాల్ వెళ్లి పేలుతుంది. ఆ లెవెల్‌లో అతనికి ఉన్న 3వ లెవెల్ స్లాట్లు రెండే. రెండూ ఈ ఒక్క టర్న్‌లో ఖర్చయ్యాయి. ఇది నా సొంత వ్యాఖ్యానం కాదు. విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వాళ్ల అధికారిక వివరణ అయిన సేజ్ అడ్వైస్ కంపెండియంలో కార్నీలియస్ అనే విజార్డ్‌ని పెట్టి సరిగ్గా ఇదే ఉదాహరణ ఇచ్చారు.

ఇప్పుడు అదే విజార్డ్ ముందు బోనస్ యాక్షన్‌తో మిస్టీ స్టెప్ వేసి 30 అడుగుల అవతల తేలాడనుకోండి. అక్కణ్ణించి నడుస్తూ ఇంకో శత్రువు పక్కనుంచి దూరంగా జరిగాడు, వాడు ఆపర్చునిటీ అటాక్ (దూరంగా జరిగేవాడి మీద రియాక్షన్‌తో చేసే దాడి) చేశాడు, దెబ్బ తగిలింది. దెబ్బ నుంచి కాపాడే షీల్డ్ స్పెల్ వెయ్యొచ్చా? కుదరదు. షీల్డ్‌ది రియాక్షన్ అయినా సరే, బోనస్ యాక్షన్ స్పెల్ పడిన టర్న్‌లో ఒక యాక్షన్ పట్టే క్యాంట్రిప్ తప్ప మరే స్పెల్లూ చెల్లదు. అతని టర్న్ ముగిసి శత్రువు టర్న్ మొదలైతే మాత్రం అదే షీల్డ్‌ని హాయిగా వేసుకోవచ్చు, ఎందుకంటే ఆంక్ష ఆ టర్న్‌కే గానీ రౌండ్ మొత్తానికి కాదు. పై రెండు సందర్భాల్లోనూ వేసిన స్పెల్స్ లెవెల్ చూసి తీర్పు చెప్పబోతే మొదటిది తప్పుగా వస్తుంది. రెండోది సరిగ్గా వచ్చినా కారణం తప్పవుతుంది, ఇంకో రోజు ఇంకో చోట దెబ్బకొడుతుంది.

"యాక్షన్ సర్జ్‌తో రెండు ఫైర్‌బాల్స్ అంటే అది చీటింగ్."

2014 ఫైటర్‌కి 2వ లెవెల్‌లో వచ్చే యాక్షన్ సర్జ్ ఇంకో యాక్షన్ ఇస్తుంది. దాంతో ఏం చెయ్యకూడదో అక్కడ రాయలేదు. రెండు యాక్షన్లు, రెండు ఫైర్‌బాల్స్, బోనస్ యాక్షన్ లేదు: రూల్ ప్రకారం అంతా సవ్యంగానే ఉంది. బ్యాలెన్స్ పోతుందని భయపడేవాళ్లు లెక్క కూడా చూడాలి. ఒక్కో ఫైర్‌బాల్ దెబ్బ 8డి6 (ఆరు ముఖాల డైస్ ఎనిమిది), సగటున 28. రెండూ పూర్తిగా తగిలితే 56. దీనికోసం విజార్డ్ ఆడే ఆ ప్లేయర్ తన లెవెల్స్‌లో రెండింటిని ఫైటర్ అనే వేరే క్లాస్‌లో పెట్టాడు. ఫైటర్ 2, విజార్డ్ 5 అయిన ఇతను 7వ లెవెల్‌లో కూడా 3వ లెవెల్ స్లాట్ల దగ్గరే ఉంటే, నేరుగా విజార్డ్‌గా ఎదిగినవాడు అప్పటికే 4వ లెవెల్ స్పెల్స్ వేస్తున్నాడు. పైగా యాక్షన్ సర్జ్‌ని మళ్లీ వాడాలంటే షార్ట్ రెస్ట్ అయినా తీసుకోవాలి. ఇంత ఖర్చు పెట్టి కొనుక్కున్న ఒక్క ఘనమైన టర్న్‌ని లేని రూల్ పేరు చెప్పి లాక్కోవడం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

"స్పిరిచువల్ వెపన్ నడుస్తున్నంతసేపూ క్లెరిక్‌కి క్యాంట్రిప్పులే."

కాదు. గాల్లో తేలే ఆయుధాన్ని పుట్టించే ఈ స్పెల్‌ని బోనస్ యాక్షన్‌తో వేస్తారు, వేసిన టర్న్‌లోనే ఆ ఆంక్ష. తర్వాతి టర్న్‌ల్లో బోనస్ యాక్షన్‌తో ఆ ఆయుధాన్ని కదిపి కొట్టించడం స్పెల్ వెయ్యడం కాదు, కాబట్టి యాక్షన్‌తో గైడింగ్ బోల్ట్ నిక్షేపంగా వెయ్యొచ్చు.

"2024 పుస్తకం మేం చెప్పిందే ఖాయం చేసింది."

ఇది వీళ్ల వాదనల్లో బలమైనదే, కొంత నిజం ఉంది కూడా. 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ పాత బోనస్ యాక్షన్ పేరా తీసేసి, ఒక టర్న్‌లో స్పెల్ వెయ్యడానికి ఒక్క స్పెల్ స్లాటే ఖర్చు చెయ్యాలని పెట్టింది. యాక్షన్ సర్జ్‌తో వచ్చే యాక్షన్‌ని మ్యాజిక్ యాక్షన్‌గా (స్పెల్ వెయ్యడానికి వాడే యాక్షన్‌గా) వాడకూడదనీ చెప్పింది. రెండు ఫైర్‌బాల్స్ ముచ్చట అక్కడితో సరి. అయితే కొత్త రూల్ లెక్కపెట్టేది స్లాట్లని. క్లెరిక్ స్లాట్ వాడి హీలింగ్ వర్డ్ వేసి, అదే టర్న్‌లో వాండ్ ఆఫ్ ఫైర్‌బాల్స్ అనే మంత్రదండంలో నిల్వ ఉన్న శక్తితో ఫైర్‌బాల్ వేస్తే రెండూ లెవెల్డ్ స్పెల్సే, రెండూ చెల్లుతాయి, ఎందుకంటే వాండ్‌కి స్లాట్ అక్కర్లేదు. ఫే టచ్డ్ అనే ఫీట్ (అదనపు సామర్థ్యం) వల్ల రోజుకి ఒకసారి స్లాట్ లేకుండా వచ్చే మిస్టీ స్టెప్‌కీ ఇదే వర్తిస్తుంది. ఇందాకటి డ్రూయిడ్ కూడా ఇప్పుడు షిలేలీ, క్యూర్ వూండ్స్ రెండూ ఒకే టర్న్‌లో వేసుకోవచ్చు. లెవెల్ లెక్క నిజంగా కనిపించేది సోర్సరర్ క్విక్‌న్డ్ స్పెల్‌లో (యాక్షన్ పట్టే స్పెల్‌ని బోనస్ యాక్షన్‌తో వేసే సామర్థ్యం): ఆ టర్న్‌లో దానికి ముందుగానీ తర్వాతగానీ 1వ లెవెల్ లేదా అంతకు పైబడిన ఇంకో స్పెల్ ఉండకూడదు. అది ఆ ఒక్క సామర్థ్యానికి పెట్టిన షరతు, అందరికీ కాదు. అయినా 2024లో రూల్ మార్చారంటేనే అంతకుముందు వేరే రూల్ ఉండేదని అర్థం. 2014 పుస్తకంతో నడుస్తున్న క్యాంపెయిన్‌లో కొత్త పుస్తకం చూపించి తీర్పు చెప్పడం సరికాదు.

"ఏదైనా డీఎం మాటే ఫైనల్ కదా."

అవును, ఫైనలే. ఆట మధ్యలో అరగంట పుస్తకాలు తిరగెయ్యడం కంటే డీఎం అప్పటికి ఒక తీర్పు చెప్పి ముందుకు పోవడం మంచిది, సెషన్ అయ్యాక అందరూ కలిసి ఆ పేరా చదువుకోవచ్చు. "టర్న్‌కి ఒక్క లెవెల్డ్ స్పెల్లే" అనే హౌస్ రూల్ పెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు. గుర్తుపెట్టుకోవడానికి తేలిక, పోరాటం కూడా వేగంగా సాగుతుంది. కానీ దాన్ని హౌస్ రూల్ అనే చెప్పాలి, అదీ ఆట మొదలుకాకముందు అందరూ కూర్చునే సెషన్ జీరోలోనే చెప్పాలి, ప్లేయర్లు క్యారెక్టర్ ఏ దారిలో పెంచుకోవాలో నిర్ణయించుకునేది అప్పుడే కాబట్టి. క్యాంపెయిన్ సగంలో ఉండగా పెట్టాలనిపిస్తే, యాక్షన్ సర్జ్ కోసం ఫైటర్‌లో రెండు లెవెల్స్ పెట్టిన ఆ విజార్డ్‌కి వాటిని వెనక్కి తీసుకుని మార్చుకునే అవకాశం అదే రోజు ఇవ్వాలి.